గోడ మీద ఉలి బొమ్మ

మార్చి పదకొండో తేదీ. సాయంకాలం రొట్టెముక్కల మధ్య ఉడికిన గుడ్డు పెట్టుకుని తింటున్నాను. మా ఆవిడ పోయాక నాకు చేతనైన వంట అదొక్కటే. ముక్క నోట్లో ఉండగానే ఫోను మోగింది.

"మాస్టారూ, మీరు పంపిన మనిషి మావాళ్ళని లోపలుంచి తలుపు గడియ పెట్టేశాడు. మీరు వెంటనే రావాలి," అంది వడ్రంగి షాపు యజమానురాలు.

నాకేమీ అర్థం కాలేదు. నేను పంపిన మనిషంటే నిలువుగీత. జైల్లో నేను లెక్కలు చెప్పే తరగతిలో తోటివాళ్ళు అతనికి పెట్టిన పేరది. సన్నగా, పొడుగ్గా, ఎక్కడ నిలబెడితే అక్కడ నిటారుగా ఉంటాడు. దొంగతనం చేసి రెండుసార్లు లోపలికి వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు చదువూ, వడ్రంగమూ నేర్చుకున్నాడు. ఈమధ్యే షరతుల మీద విడిచిపెట్టారు. పోలీసులకు ఒక్క ఫిర్యాదు వెళ్ళిందంటే మిగిలిన శిక్షంతా మళ్ళీ లోపలే. ఈ షాపులో పని నేనే అడిగి ఇప్పించాను. ఇంకా నెల తిరగలేదు.

బండిలో కూర్చున్నానే గాని మనసు మనసులో లేదు. తాగాడా? ఎవరైనా మాట తూలారా? చదువు చెబితే వాళ్ళు మారతారా అని స్నేహితులు అడిగినప్పుడల్లా నా దగ్గర ఏదో ఒక జవాబు ఉండేది. ఆ సాయంత్రం వెతుక్కుంటే ఒక్కటీ దొరకలేదు.

యజమానురాలు షాపు బయట, కిటికీ పక్కన నిలబడి ఉంది. సరుకు అప్పగించి వచ్చేసరికి తలుపు మూసి ఉందట. కిటికీ ఊచల్లోంచి ఆవిడ మరిది ముఖం కనిపించింది.

"వదినా, వచ్చారా ఆయన? మాస్టారూ, మీ శిష్యుడికి పిచ్చి ముదిరిందండీ! మా పాప ఈత క్లాసు అయిపోయి తడిజుట్టుతో గేటు దగ్గర కూర్చునుంటుంది. నేను వెళ్ళొద్దూ?"

వెనకాల స్టూలు మీద, షాపులో చెక్కలకి పాలిష్ పట్టే తాత కాళ్ళు ఊపుతున్నాడు. "నాకేం తొందర లేదు బాబూ. ఇంటికెళ్తే మా ముసల్ది తిట్టేదే. ఇక్కడే నయం."

నిలువుగీత కూడా లోపలే, తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"సన్న ఉలి లేదు సార్."

"లేకపోతే?"

వింతగా చూశాడు. "లేకపోతే మనుషుల్ని ఎలా పంపిస్తాం సార్?"

అప్పుడు లోపలి గోడకేసి చూశాను; తెల్లగీతల్లో ఉలి ఆకారం ఒక్కటి ఖాళీగా ఉంది. జైలు వర్క్‌షాపులో ప్రతి పనిముట్టు ఆకారమూ గోడ మీద తెల్లరంగుతో గీసి ఉంటుంది. సాయంత్రానికి ఏ బొమ్మ మీది పనిముట్టు ఆ బొమ్మ మీదికి రావాలి. వచ్చేదాకా ఒక్కరూ కదలడానికి వీల్లేదు. నా తరగతిలో కాంపాసులకూ అదే నియమం. ఒకసారి కాంపాసు కనబడక అందరం కూర్చుండిపోతే, కాపలా ఆయన నా చొక్కా జేబుకేసి చూసి చిన్నగా దగ్గాడు. అది ఎక్కడ దొరికిందో మాత్రం పైవాళ్ళకు చెప్పలేదు. అలాంటి దయలు అక్కడా ఉంటాయి.

నిలువుగీత పనిలో చేరగానే ఈ గోడ మీదా అలాగే బొమ్మలు గీశాడు. యజమానురాలు మురిసిపోయి వచ్చినవాళ్ళందరికీ చూపించింది. ఆ బొమ్మల వెంట ఒక మూసిన తలుపు కూడా వస్తుందని మాకెవరికీ తోచలేదు.

"ఇది జైలు కాదయ్యా."

"తెలుసు సార్."

"మరి తలుపు తియ్యి."

"తీస్తాను సార్. ఉలి దొరకగానే."

"విన్నారా? ఇంక లాభం లేదు, పోలీసులకి ఫోన్ చేస్తున్నా," అంటూ మరిది ఫోను తీశాడు.

నిలువుగీత గొంతు పెంచలేదు. "చెయ్యండి. ఎలాగూ రేపు చేస్తారు."

"రేపెందుకు చేస్తాను?"

"రేపు పొద్దున ఉలి కోసం వెతుకుతారు. దొరకదు. ఈ గదిలో దొంగతనం చేసి జైలుకెళ్ళొచ్చింది ఎవరండీ? ఇప్పుడే అందరి ముందూ దొరికిందనుకోండి, నేను బతికిపోతాను."

తాత కాళ్ళు ఊపడం మానేశాడు.

"నేను నిన్నేమీ అనలేదు కదయ్యా," అన్నాడు మరిది.

"అనలేదు. ఇంకా తెల్లారలేదు కదండీ."

నాకు మరీ అయోమయంగా ఉంది. లోపలి అలవాటు ఇతన్ని ఇక్కడ నిలబెట్టిందా, బయటి భయమా? "అందుకేనా తలుపు మూశావు?" అని అడిగాను.

"ఏమో సార్. మూసేటప్పుడు ఏమీ అనుకోలేదు. మూశాక ఇది తోచింది."

యజమానురాలు నన్ను పక్కకి జరిపి కిటికీ ఊచలు పట్టుకుంది. "ఇటు చూడు. ఉలి నాది. పోతే నాకు పోయింది. రేపు ఎవర్నీ అడగను, నిన్ను అసలే అడగను. అక్కడ పిల్ల ఒక్కతే ఉంది. తలుపు తియ్యి."

అతను ఆవిడకేసి కాక నాకేసి చూశాడు. తియ్యమన్నట్టు తల ఊపాను. గడియ తీసిన చప్పుడైంది.

మరిది విసురుగా గడప దాకా వచ్చి ఆగిపోయాడు. తనంతట తనే జేబులు తిరగేశాడు. ఒక పెన్సిలు, మడత స్కేలు, పాప కోసం దాచిన చాక్లెట్టు. "చూసుకో, మహానుభావా," అన్నాడు. వెటకారమో కాదో తెలియలేదు. ఫోను జేబులో వేసుకుని పరుగెత్తాడు.

"నా సంచీ కూడా చూడు నాయనా," అంటూ తాత ఖాళీ టిఫిన్ డబ్బా మూత తీసి మరీ చూపించి వెళ్ళాడు.

ఉలి దొరకలేదు.

"రేపట్నుంచి షాపు మూసే పని నీదే. కానీ అందరూ బయటికి వెళ్ళాకే మూయాలి. అర్థమైందా?" అంది యజమానురాలు.

"ఏదైనా తక్కువున్నా మూయాలా అమ్మా?"

"తక్కువున్నా మూయాలి."

"ఇవాళ కూడానా?"

"ఇవాళ కూడా."

అర్థమైనట్టు తల ఊపాడు గాని, కళ్ళలో ఆ గందరగోళం పోలేదు. నా ముఖం ఎలా ఉందో మరి. ఇన్నాళ్ళూ నేను నేర్పిన జాగ్రత్తను ఇప్పుడు మర్చిపొమ్మనాలా, గుర్తుపెట్టుకోమనాలా?

అతను దీపం ఆర్పాడు. వీధి దీపం వెలుగులో గోడ మీద ఖాళీగా మిగిలిన తెల్లటి బొమ్మ ఒక్కటే కనిపిస్తోంది. దాని ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత బయటికి వచ్చి, ఎవరో లోపల నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి మూశాడు.