కలేజా

ఫోన్ స్పీకర్‌లో పెట్టమని ఫరీహాతో పట్టుబట్టింది అత్త బద్రున్నీసానే. కొడుకు గుండె సంగతి తన చెవులతో వినాలని ఆమె ఆశ.

మెదక్ పాత బస్టాండ్ దగ్గర మిక్సీలు బాగుచేసే మన్సూర్‌కు రెండేళ్లుగా గుండె కండరం సడలిపోతోంది. హైదరాబాద్ దవాఖానలో కొత్త మందు పరీక్షకు చేర్చుకున్నారు. ఎంఆర్ఎన్ఏ మందట. గుండెకు కావలసిన ప్రొటీనును గుండె చేతే తయారు చేయించే సందేశమట. దాన్ని కంటికి కనిపించని కొవ్వు బుడగల్లో పెట్టి నరంలోకి ఎక్కించారు. బుడగలకు గుర్తు తగిలించి, ఎటు పోయాయో స్కాన్‌లో చూశారు. గుండెకు చేరితేనే రెండో డోసు.

"మందు దాదాపు మొత్తం కాలేయానికే వెళ్లిందమ్మా," అన్నాడు డాక్టర్ అనూప్.

"కలేజకు పోయిందా! యా అల్లా, నా బిడ్డ కలేజకు పోయింది!" బద్రున్నీసా ఎద మీద చేయి వేసుకుంది. "ఇన్నవా బేటీ? మొహం గట్ల పెట్టినవేంది, పరీక్షల ఫెయిలైనదాని లెక్క? నవ్వు జర!"

పాపన్నపేట చెల్లెలికి చెప్పాలని తన ఫోన్ తీసుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

ఫరీహా తెలుగు మీడియంలో చదివింది. అత్త ఉర్దూలో కలేజ అంటే లివరే అయినా గుండెనూ అలాగే అంటారు; తెలుగులో కాలేయమంటే మాత్రం లివరే అని ఆమెకు తెలుసు. స్పీకర్ తీసేసింది.

"గుండెకు ఏం పోలేదా సార్?"

"పనిచేసేంత చేరలేదమ్మా. కాలేయానికి నష్టమేమీ లేదు, మందు కొద్దిరోజుల్లో కరిగిపోతుంది. రెండో డోసు మాత్రం ఇవ్వలేం."

"ఆడికెళ్లి మల్ల గుండెకు పంపరాదా?"

"ఒకసారి ఎక్కించాక మా చేతుల్లో ఏమీ ఉండదు. ఎటు పోయిందో చూడగలం, అంతే."

కింద ఇనుము చప్పుడైంది. అన్నానికి ఇంటికొచ్చిన మన్సూర్‌కు తల్లి అప్పుడే చెప్పేసింది. అతను గ్యాస్ సిలిండర్ భుజానికెత్తుకుని మెట్లెక్కుతున్నాడు.

"దింపుండ్రి!" అంటూ ఫరీహా ఎదురు పరిగెత్తింది.

"తప్పుకో. రెండేండ్లు నువ్వే మోసినవ్."

నాలుగో మెట్టు మీద ఆగిపోయాడు. పెదాలు నల్లబడ్డాయి. ఆమె సిలిండర్ అందుకుని గోడకు ఆనించి, జారకుండా మోకాలు అడ్డం పెట్టింది. అతను మెట్టు మీద కూలబడి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏ కలేజ ఫరీహా? మటన్ దుకాణంల అమ్మేదా?"

ఆమె తలూపింది.

వాకిట్లో బద్రున్నీసా గొంతు. "ఔనే! డాక్టరు కండ్లార సూసిండంట!"

ఫరీహా అటు తిరగబోయింది. మన్సూర్ ఆమె కొంగు పట్టుకున్నాడు.

"అమ్మీని జరసేపు మాట్లాడనియ్."