లెక్కలోకి రాని నాలుగు రోజులు

ఐదో రోజు తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని వంటింట్లోకి వచ్చి మొదటి దోసె పోశానో లేదో, మా అత్త సరోజమ్మ కుంకుమ భరిణె పట్టుకుని క్యాలెండర్ దగ్గరికి వెళ్లింది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టి, మూడు తేదీల మీద వరసగా మూడు బొట్లు పెట్టింది. "ఈ తూరి సోమవారం నుంచి, గుర్తుపెట్టుకోమే" అంది. గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీకి గీత, పాలాయన రాని రోజుకు ఇంటూ గుర్తు, నాకు కుంకుమ బొట్టు. ఆ బొట్లు చూసుకుని మా మామ రామాంజనేయులు గారు ఆ మూడు రోజులూ బట్టల షాపులోంచి కొడుకును పెందలాడే ఇంటికి పంపిస్తాడు. ప్రొద్దుటూరు బజారులో సగం మందికి నా తేదీలు తెలిసే ఉంటాయని నాకు గట్టి అనుమానం.

జనవరి పంతొమ్మిదిన నాకు కడుపు పోయింది. మూడో నెల. "మూడు నెలల్ది లెక్కలోకి రాదులే పాపా, మళ్లా అయితాది" అంది అత్త. ఓదార్పుగానే అంది, కానీ నాకు ఒళ్లు మండింది. వాంతులు చేసుకుంటూనే షాపులో ఆడవాళ్ల వైపు నిలబడి చీరలకు జాకెట్ ముక్కలు జత చూపించాను, ఇంటికొచ్చి వంట చేశాను, అదంతా ఎవరి కోసమో నాకు తెలుసు. నాకది లెక్కే. ఆ తర్వాత చాలా రోజులు బాత్రూంలో కొళాయి తిప్పుకుని ఏడ్చాను.

మూడు నెలలు ఆగమని, తర్వాత పద్నాలుగో రోజు అటూ ఇటూ చూసుకోమని డాక్టరమ్మ చెప్పింది. ఆ పద్నాలుగును అత్త తన చేతుల్లోకి తీసుకుంది. నా స్నానమైన రోజు నుంచి బొట్ల రోజు వచ్చేదాకా మా ఆయన యోగేష్ ముందు గదిలో దివాన్ మీద పడుకోవాలి, ఓపిక దాచుకోవాలట. బొట్ల రోజున బాదం పాలు. పాపం, చదవని పాఠానికి పరీక్ష రాయబోయేవాడిలా వచ్చేవాడు. ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయిన రోజులున్నాయి, మాట్లాడుకోలేకపోయిన రోజులూ ఉన్నాయి. "గండికోటకు పోయొద్దామా, పోయిన తూరి మాదిరి?" అని ఒకసారి అడిగాడు. మొదటి కడుపు అలా గండికోటకు పోయొచ్చిన నెలలోనే వచ్చింది, అప్పుడు ఏ బొట్లూ లేవు. "అలసట, వద్దు" అంది అత్త. ఆరు నెలలు అలా గడిచాయి. ప్రతి నెలా పరీక్ష తప్పింది ఇద్దరమైనా చెడ్డ పేరు మాత్రం నాకే వచ్చింది.

మూడు నెలల కిందట మా పుట్టిల్లు జమ్మలమడుగుకు పోయినప్పుడు ఆర్షియాను కలిశాను. మేమిద్దరం డిగ్రీ దాకా ఒకే బెంచీ. ఇప్పుడది ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది. బొట్ల సంగతి దానికి చెప్పాను. "ఏ దినం నుంచి లెక్కపెడతాండారు?" అని అడిగింది. స్నానం దినం నుంచి అన్నాను. చేతిలో టీ గ్లాసు కింద పెట్టేసింది.

మా ఇంట్లో నెలకు నాలుగు రోజులు నేను 'బయట' ఉంటాను. వెనక గదిలో చాప, ఒక కంచం, ఒక చెంబు. నిజం చెప్పొద్దూ, నేను కాఫీ కలపని రోజులు నెలలో అవే. ఐదో రోజు తలస్నానం చేసి ఇంట్లోకి వస్తాను, అత్త అప్పటి నుంచి ఒకటి, రెండు అని మొదలుపెడుతుంది. ఇంట్లోనే లేని మనిషిని ఎలా లెక్కపెడతారు? బీకాం చదివిన నాకు కూడా అనుమానం రాలేదు, అదీ నా సిగ్గు.

"నెత్తురు కనపడిన దినమే ఒకటో దినం గదమే" అంది ఆర్షియా. "నువ్వు ఇంట్లో ల్యాకపోయినా నీ ఒళ్లు నీతోనే ఉంటాది కదా."

ఒకరి మొహం ఒకరం చూసుకుని కడుపు పట్టుకుని నవ్వాం.

అది నాకు థర్మామీటరూ, అండం విడుదలయ్యే రోజును పట్టిచ్చే పరీక్ష పట్టీలూ ఇచ్చి పంపింది. అప్పటి నుంచి పొద్దున లేవగానే మంచం దిగకుండా నాలుక కింద థర్మామీటర్ పెట్టుకుంటున్నాను. పదమూడో రోజున పట్టీ మీద రెండో గీత ముదురుగా వచ్చింది, అత్త మొదటి బొట్టుకు సరిగ్గా నాలుగు రోజుల ముందు. యోగేష్ ముందు గదిలో గురక పెడుతున్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తప్పు నాలో ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. నా ఒళ్లు ప్రతి నెలా ఠంచనుగా వచ్చి, పలికేవాళ్లు లేక తిరిగి పోయింది. మూడు నెలలు ఈ ముచ్చట ఎవరికీ చెప్పలేదు. ఒక్క సంగతైనా నాది నాకే తెలిసి ఉండటం శానా బాగుండింది.

ఇవాళ ఆ మూడో బొట్టు పడగానే నోరు ఆగలేదు. స్టవ్ తగ్గించి, "అత్తా, ఆ బొట్లు తప్పు" అన్నాను. ఆర్షియా చెప్పిందంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. దోసె మాడిపోయింది, ఇద్దరం పట్టించుకోలేదు.

"మా అత్త గూడా స్నానం నుంచే లెక్కపెట్టేది" అంది చివరికి. "ఏడేండ్లు. ఏడేండ్లు నన్ను గొడ్రాలన్నారు మే. ఎక్కని గుడి ల్యా. ఒక తూరి మీ మామ పులివెందులలో పెండ్లికని తీసకపోయి, పది దినాలు ఆడనే ఉంచినాడు. ఆడ లెక్కపెట్టేటోళ్లు ఎవురూ ల్యాకపోయిరి. ఆ నెల్లోనే యోగేష్ కడుపున పడినాడు."

ఏడుస్తుందేమోనని దగ్గరికి పోయాను. ఆమె భుజాలు ఊగుతున్నాయి, నవ్వుతోంది. పైట నోట్లో కుక్కుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వింది. ఆమె నవ్వు చూసి నాకూ ఆగలేదు. ఏం జరిగిందోనని మామ గుమ్మం దాకా వచ్చి, మా ఇద్దరినీ చూసి భయపడి వెనక్కి పోయాడు.

అత్త లేచి, వేలు తడి చేసుకుని మూడు బొట్లూ తుడిచేసింది. తేదీల మీద ఎర్రటి మరక మిగిలింది. పాల లెక్క పెన్సిలు తీసి నా చేతికిచ్చింది. "ఇంగ నువ్వే పెట్టుకో. ఆ దినం ఏదో నాకు చూపించు, చాలు."

"చూపీను అత్తా" అన్నాను. "అది నాకు తెలిస్తే చాలు. ఆయనకు నేను చెప్పుకుంటా."

ఆమె మొహం చిన్నబోయింది. అయినా నేను పెన్సిలు తిరిగివ్వలేదు. జనవరి పేజీ దాకా వెనక్కి తిప్పి, పంతొమ్మిది చుట్టూ గుండ్రంగా గీశాను. అత్త చూసింది. చాలాసేపు చూసి, ఆ అంకెను వేలితో ఒకసారి తాకింది. మూడు నెలల్ది అన్న మాట మళ్లీ అనలేదు.

తర్వాత ఈ నెలకు వచ్చి, నెలాఖరు ఆదివారం చుట్టూ ఇంకా పెద్ద సున్నా చుట్టాను. అత్త గొంతు తగ్గించి, నా చెవి దగ్గర అడిగింది.

"ఆ దినమా?"

"ఏ దినమూ కాదత్తా. అందుకే గండికోటకు పోతాండాం."