బూజు పీపా

బెంగళూరు నగర్తపేటలో ముప్పయ్యేళ్ళుగా పట్టునూలుకు రంగులద్దుతున్న ఓబులేసుకు రంగు సంగతి ఒకరు నేర్పనక్కర్లేదు. నీళ్ళలో రంగు పోవాలంటే బ్లీచింగ్ పొడి వెయ్యాలి. ఆ రంగును బూజు పోగొడుతుందంటే నమ్మడానికి అతని చెవిలో పువ్వులేం లేవు.

కానీ 2003 వేసవిలో వినక తప్పలేదు. మోరీలోకి రంగునీళ్ళు వదులుతున్నాడని అధికారులు నోటీసు అంటించారు. పదిహేను రోజుల్లో నీళ్ళు తేటపరిచే దారి చూపించకపోతే షెడ్డు మూతే.

ఆ దారి తను చూపిస్తానని కాలేజీలో పాఠాలు చెప్పే ఎవాంజెలిన్ వచ్చి, నీలం నీళ్ళ పీపాలో తెల్లని బూజు పట్టిన రంపపుపొట్టు వేసింది. కుళ్ళిన మానుల మీది పుట్టగొడుగుల బూజట. పైన పలచటి గుడ్డ కట్టింది.

"కదపకండి ఓబులేసు గారూ. రంగును ఇదే తినేస్తుంది," అంది.

రోజూ సాయంత్రం వచ్చి, గుడ్డ తీసి తొంగిచూసి పోయేది. ఆ తొంగిచూపే ఓబులేసుకు కిట్టలేదు. ఐదోనాటికి నీలం కాస్త వెలిసింది. చేతిసంచీలో ఏం తెస్తోందో మహాతల్లి! పీపాలో ముక్కు పెట్టి చూశాడు. బ్లీచింగ్ వాసన రాలేదు. వాసన లేని మందేదో ఉంటుందిలే అనుకున్నాడు. రేపు బండారం బయటపడితే పోయేది ఆమె ఉద్యోగమా, తన షెడ్డా?

ఆరోనాడు ఆమె పరీక్షల పని మీద మైసూరు వెళ్ళింది, గడువు నాటికి గానీ తిరిగి రాదు. ఇదే అదనని ఓబులేసు పీపాకు ఇనుప మూత బిగించి, సందుల్లో లక్క కరిగించి పోశాడు. ఇక ఎవరి మందూ లోపలికి పోదు.

గడువు నాడు అధికారి, ఎవాంజెలిన్ కలిసే వచ్చారు. మూత తీస్తే గుప్పున కంపు. ఐదోనాడు ఎంత నీలం ఉందో అంతే ఉంది. ఓబులేసుకు పట్టరాని సంతోషమేసింది, దొంగ దొరికిందని.

ఆమె ముద్దయిన పొట్టును వేళ్ళతో నలిపి చూసింది. "చచ్చిపోయింది. దీనికీ గాలి కావాలి. మూత ఎవరు వేశారు?"

ఓబులేసు పక్కనున్న ఇనుప మూత వంక చూశాడు. అంటే ఆ ఐదు రోజులూ అది నిజంగానే తిన్నది.

"పద్ధతి పనికిరాదని రాసుకుంటా ఉండాను మేడమ్," అన్నాడు అధికారి.

"అట్ల రాయొద్దు సార్," అన్నాడు ఓబులేసు. "ఆయమ్మను నమ్మలేక నేనే మూసినా. బాగా పనిచేస్తా ఉండిందాన్ని నేనే చంపితి."

"అదంతా సరే అప్పా. నీళ్ళలో రంగు ఉండాదా, లేదా?"

ఓబులేసు పీపాలోకి చూశాడు. అబద్ధం చెప్పాలని ఎంతో ఉంది.

"ఉండాది సార్," అని, మొలతాడుకున్న షెడ్డు తాళంచెవి విప్పి ఇచ్చాడు.