బయటికి వినపడని నెక్‌బ్యాండు

నవీన్ హెడ్‌ఫోన్లు వెతికినంత శ్రద్ధగా పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు కూడా వెతకరు. మోటారు పంపుల కంపెనీలో తిరుగుడు ఉద్యోగం అతనిది. పొద్దున సూర్యాపేటలో బయలుదేరితే కోదాడ, అక్కణ్నుంచి మిర్యాలగూడ, మళ్లీ సూర్యాపేట. రోడ్డు పక్కన కొన్న తీగల ఇయర్‌ఫోన్లు ఒక చెవి ముందు, ఇంకో చెవి తర్వాత చచ్చేవి. ధర తక్కువుండాలి, దెబ్బలకు ఆగాలి. ఇవి నలుగురికీ చెప్పే కారణాలు. అసలు కారణం వేరు. లోపలి మాట బయటికి పొక్కకూడదు.

ఎందుకంటే తిరిగేది మేనేజరు ప్రేమ్‌కుమార్ కారులో. నవీన్ లంబాడీ తండా పిల్లవాడని ఆయనకు తెలియదు, నవీన్ చెప్పలేదు. ఒకసారి దామరచర్ల దగ్గరి తండా నుంచి తల్లి సక్కుబాయి ఫోన్ చేస్తే ఆమె గొంతు ఇయర్‌ఫోన్ దాటి కారంతా నిండింది.

"ఏం భాష గది?" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"కస్టమర్ సార్. లంబాడోళ్లు."

"జర పైలం. గా తండాలోళ్లను నమ్మితే మునుగుతం."

నవీన్ నవ్వాడు. కోదాడ ఏరియా ఇన్‌చార్జి పోస్టు ఆయన చేతిలో ఉంది మరి. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం గానీ, దాటకముందే తగలేసేవాడు వీడొక్కడే.

కోదాడలో సెల్‌ఫోన్ల షాపాయన ఒక నెక్‌బ్యాండు తీసి, "బేస్ అదిరిపోద్దండి," అన్నాడు.

"బేస్ వద్దు. లోపలి మాట బయటికి వినపడ్తదా?"

నవీన్ పాట ఫుల్లుగా పెట్టించి, షాపాయన చెవిలో ఉంచి, పక్కన తన చెవి ఆనించినంత పనిచేశాడు. చడీచప్పుడు లేదు. వంచినా విరగదు, చెమటకు చెడదు, ఏడాది వారంటీ.

"ఇంత గుట్టు ఎందుకండీ?" అని నవ్వాడు షాపాయన. నవీన్ కొనేశాడు.

అప్పటినుంచి కారులో తల్లి ఫోన్ వస్తే "చెప్పండి మేడం" అనేవాడు. మొదట సక్కుబాయి నవ్వింది. నేనురా, మీ యాడిని, అమ్మని, అంది వాళ్ల బోలీలో. "అట్లనే మేడం," అన్నాడు కొడుకు. తర్వాత ఆమెకు సంగతి అర్థమైంది. మేడం అన్న మాట వినపడగానే చప్పున పెట్టేసేది. కన్నకడుపు కాలదా? కాలింది. అయినా ఎవరికీ చెప్పుకోలేదు.

మొన్న మిర్యాలగూడ హోటల్లో డీలర్ల మీటింగు. ఇన్‌చార్జి ఎవరో ఆ సాయంత్రమే చెప్తారు. భోజనాల దగ్గర ప్రేమ్‌కుమార్ పక్కనే కూర్చుని మటన్ వడ్డించుకుంటుండగా ఫోన్ వచ్చింది. సక్కుబాయి ఏడుస్తోంది. తండ్రి కిష్ట్యాకు ఊపిరాడటం లేదట. మిర్యాలగూడ దవాఖానకే తెచ్చారట. కొడుకేడి అని అడుగుతున్నాడట, వెంటనే రమ్మంది. ఆ దవాఖాన హోటలుకు రెండు వీధుల అవతల.

నవీన్ లేవబోయాడు. ఎవరన్నట్టు ప్రేమ్‌కుమార్ కనుబొమ్మ ఎగరేశాడు. నవీన్ కూర్చున్నాడు.

"ఇయ్యాల కుదరదు మేడం. మీటింగ్‌ల ఉన్న. రేపు పంపిస్త."

అవతల ఏడుపు ఆగిపోయింది. తర్వాత ఫోన్ కట్టయింది. నవీన్ నీళ్లు తాగి, మిగిలిన అన్నం తిన్నాడు.

సాయంత్రం అతని పేరే చదివారు. చప్పట్లు కొట్టారు, దండ వేశారు. తిరుగు ప్రయాణంలో కారు ఊరు దాటుతుండగా మళ్లీ సక్కుబాయి ఫోన్. ఈసారి బోలీ కాదు. పరాయివాళ్లతో మాట్లాడే తెలుగు, మెల్లగా, ఒక్కో మాటా కూడబలుక్కుని. నెక్‌బ్యాండు మంచిదే, ఒక్క ముక్క కూడా పోలేదు.

"నమస్తే సార్. రేపు పంపిస్తనన్నరు. ఇగ అక్కర్లేదు. మనిషి పోయిండు. మీకు చెప్పాలె గదా అని చేసిన."

నవీన్ పెదవులు కదిలాయి.

"ఎవరు?" అన్నాడు ప్రేమ్‌కుమార్, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా.

"కస్టమర్ సార్," అన్నాడు నవీన్. "ఆర్డర్ క్యాన్సిల్ చేసుకున్నది."

సక్కుబాయి ఇంకా ఫోన్ పెట్టలేదు.