ఎడమచేతి చిలక

మహానవమి నాడు పనిముట్లకు విశ్రాంతి ఇవ్వాలని చాముండేశ్వరికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పాలకొల్లులో వాళ్ళ నాన్న కుట్టు మిషన్ ఏడాదంతా గొడ్డులా పనిచేసి, ఆ ఒక్కరోజు మాత్రం పసుపు పూసుకుని, పూలు పెట్టుకుని, పేరంటానికి వచ్చిన ముత్తైదువలా కూర్చునేది. ఆ రోజు దాని మీద చెయ్యి వేస్తే నాన్న ఊరుకునేవాడు కాదు. మెల్బోర్న్ వచ్చి, పాయింట్ కుక్‌లో కూతురింటి గ్యారేజీలో సొంతంగా కొట్టు పెట్టుకున్నాక కూడా ఆమె ఆ పద్ధతి తప్పలేదు.

కొట్టు అంటే పెద్దదేం కాదు. అల్లుడు బాలమురళి కారు వీధిలో పెట్టుకుని ఆమెకు లోపల చోటిచ్చాడు. ఒక కుట్టు మిషను, ఎవరో ఇల్లు మారుతూ చవగ్గా ఇచ్చేసి వెళ్ళిన ఎంబ్రాయిడరీ మిషను, దాన్ని నడిపించే పాత కంప్యూటరు. కూతురు నీరజ యూనివర్సిటీలో చదివే రోజుల్లో కొనుక్కున్న కంప్యూటరు అది. చాముండేశ్వరికి ఇంగ్లీషు చదవడం రాదు. అయినా తెర మీద ఏ బొమ్మ నొక్కితే దారం రంగు మారుతుందో, ఏది నొక్కితే పువ్వు అటునుంచి ఇటు తిరుగుతుందో, అన్నీ వంటింట్లో డబ్బాలు గుర్తున్నట్టే గుర్తు. ఆమె దానిలో గీసిన గీతలు తీగ గుండా మిషనుకు వెళ్ళి జాకెట్ల మీద పూలై, పిందెలై దిగేవి. ఈ దేశంలో తనను ఎవరైనా "నీరజ వాళ్ళమ్మ" అని కాకుండా "చాముండి ఆంటీ" అని అడుగుతూ వచ్చారంటే అది ఆ గ్యారేజీ తలుపు దగ్గరే.

ఆ నవమి నాడు ఇంట్లో వాళ్ళు ఆఫీసులకు వెళ్ళాక ఆమె తలస్నానం చేసి, పెరట్లో పూసిన గులాబీలు కోసుకుని పసుపు కుంకుమలతో గ్యారేజీలోకి వచ్చింది. కుట్టు మిషనుకు బొట్టు పెట్టింది. కత్తెరకు, ఇస్త్రీ పెట్టెకు పెట్టింది. ఎంబ్రాయిడరీ మిషను ఫ్రేములో సింధుజ అనే పిల్ల పెళ్ళి జాకెట్టు గుడ్డ బిగించి ఉంది. దానికి తగలకుండా జాగ్రత్తగా మిషను పక్కన బొట్టు పెట్టింది.

ఆఖరికి కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి, తెర చీకటిగా ఉంది గాని పెట్టె లోపల ఫ్యాను గుర్రుమంటోంది. చిన్న దీపం మిణుకు మిణుకుమంటోంది.

"పండగ పూట నీకేం పనే?" అని దాన్ని మందలించి, గోడకున్న స్విచ్చి ఆపేసింది. ఫ్యాను ఊపిరి వదిలినట్టు వదిలి ఆగిపోయింది. ఆమె దానికి కూడా బొట్టు పెట్టి, గులాబీ పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది.

దశమి నాడు పొద్దున్న స్విచ్చి వేసింది. తెర మీద నీలం రంగు వచ్చింది. దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. కాసేపటికి చీకటి. చుక్కలు గుండ్రంగా తిరిగాయి. మళ్ళీ నీలం. తనకు తెలిసిన బొమ్మ ఒక్కటైనా కనిపిస్తుందేమోనని కుర్చీలో కూర్చుని చూసింది. చుక్కలు తిరగడం, నీలం రావడం, చీకటి పడడం, ఇదే వరస. మౌసును అటూ ఇటూ కదిపింది. ఏం లేదు. అప్పుడు నీరజకు ఫోన్ చేసింది.

"నీలం రంగా? అమ్మా, నువ్వేమైనా నొక్కావా?"

"నేనేం నొక్కలేదే. నిన్న పూజప్పుడు ఆపాను, ఇవాళ వేశాను. అంతే."

"నిన్నా? నిన్న ఎన్నింటికి ఆపావు?"

"మీరు వెళ్ళగానే."

"అయ్యో అమ్మా! మురళి అప్‌గ్రేడ్ పెట్టి వెళ్ళాడే. నీకు చెప్పమన్నాడు. నేను మీటింగ్ హడావిడిలో మర్చిపోయా. మధ్యలో ఆపకూడదమ్మా దాన్ని."

చాముండేశ్వరికి అప్‌గ్రేడ్ అంటే ఏమిటో తెలియదు. మధ్యలో ఆపకూడనిదేదో ఆపేశానన్న సంగతి మాత్రం అర్థమైంది. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే ఫ్రేములోంచి చిలక ఆమెకేసి చూస్తోంది.

అది మామూలు చిలక కాదు. సింధుజ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "నెమళ్ళు వద్దాంటీ, ప్రతి పెళ్ళిలో అవే. మా వీధిలో బాటిల్ బ్రష్ చెట్టు మీద వాలతాయి చూడండి, రెయిన్‌బో చిలకలు, అవి కావాలి" అంది. నీలం తల, నారింజ రొమ్ము, పచ్చ రెక్కలు, ఎర్ర కుచ్చుల పువ్వుల మధ్య. ఆ చిలకను చాముండేశ్వరి ఫోటో చూసి, ఈకకు ఈక కంప్యూటరులో గీసింది. జాకెట్టు ఎడమ చేతి మీద చిలక నవమి ముందురోజు పూర్తయింది. కుడి చెయ్యి మీద దానికి ఎదురు చూస్తున్నట్టు రెండో చిలక రావాలి. పెళ్ళి ఆదివారం. ఆ గుడ్డ పెళ్ళి చీరలోంచి తీసిన ముక్క. అలాంటిది ఇంకొకటి లేదు.

బాలమురళి ఆ సాయంత్రం బ్యాగు కూడా దించకుండా గ్యారేజీలోకి వచ్చాడు. బ్యాంకులో కంప్యూటర్ల పని అతనిది. పెద్ద హోదా. అత్తగారి ముందు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

"పాత సిస్టమ్‌కి ఇంక సెక్యూరిటీ రాదట అత్తయ్యా. వైరస్ వస్తే మీ డిజైన్లన్నీ పోతాయని... కొత్తది ఎక్కిద్దామని పెట్టాను."

"నాతో ఒక్కమాట అంటే సరిపోయేది కదా బాబూ."

"మీతో అంటే పెళ్ళయ్యాక చూద్దాంలెండి అంటారని."

"అనేదాన్నే."

అతను అత్తగారిని ఏమీ అనలేడు. ఆవిడ అల్లుణ్ణి ఏమీ అనలేదు. కాసేపటికి వంటింట్లోంచి అతను నీరజను ఇంగ్లీషులో గట్టిగా ఏదో అనడం, ఆమె అంతకంటే గట్టిగా తిరిగి అనడం వినిపించాయి. చాముండేశ్వరి దారం ఉండలు రంగుల వారీగా సర్దుతూ కూర్చుంది. అవి ముందే సర్ది ఉన్నాయి.

అతను పనిలో దిగాడు. పెట్టెకున్న తీగలన్నీ పీకాడు, మళ్ళీ పెట్టాడు. పాత సిస్టమ్‌కు వెనక్కి వెళ్ళే దారి ఉందన్నాడు. కాసేపటికి ఆ దారి మూసేసి ఉందన్నాడు. తన ఆఫీసు కంప్యూటరులోంచి ఒక చిన్న యూఎస్‌బీలోకి ఏదో ఎక్కించి తెచ్చి దీనికి గుచ్చాడు. "ఈ చిప్పు పాతదట, పనికిరాదంటోంది" అన్నాడు. దాన్ని మభ్యపెట్టే ఉపాయం ఒకటి ఉందన్నాడు. ఆమె టీ పెట్టి తెచ్చింది. టీ చల్లారింది. ఇంకోటి పెట్టింది.

పాయింట్ కుక్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నీరజ సంగతి రాసింది. అందులో సగం మంది కంప్యూటర్ల మీద బతికేవాళ్ళే. జవాబులు మేళంలా వచ్చిపడ్డాయి. నీరజ చదివి వినిపించింది.

"ఒకాయన కొత్తది కొనేయండి అంటున్నాడు. ఇంకొకాయన అసలు ఆ కంపెనీదే వాడొద్దు, ఫ్రీగా వచ్చేది వేసుకోండి అంటున్నాడు. ఈవిడ... ఆఫ్ చేసి ఆన్ చేశారా అని అడుగుతోంది."

"ఆ పని నేను ముందే చేశానని చెప్పు" అంది చాముండేశ్వరి.

నీరజకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. రెండూ ఆపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

శుక్రవారం బాలమురళి ఆఫీసుకు సెలవు పెట్టాడు. మధ్యాహ్నానికి గ్యారేజీలోంచి "అత్తయ్యా!" అని కేక పెట్టాడు. ఆమె పిండి చేతులతోనే పరుగెత్తింది. తెర మీద కొత్త సిస్టమ్. ఎక్కడ చూసినా గుండ్రటి మూలలు, లేత రంగులు, పరాయి ఇల్లులా ఉంది. మధ్యలో మాత్రం ఆమె చిలక. నీలం తల, నారింజ రొమ్ము.

"దొరికింది అత్తయ్యా, ఫైలు పోలేదు!"

ఆమె రెండు చేతులూ జోడించింది. ఆ క్షణంలో అతను కొడుకులా కనిపించాడు.

కాని చిలక తెర మీదే ఉండిపోయింది. మిషనుతో మాట్లాడే పాత ప్రోగ్రాము కొత్త సిస్టమ్‌లో నిలబడనంది. దాన్ని తయారుచేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం మూసుకున్నారు. అడగడానికి ఎవరూ లేరు. బాలమురళి ఒక్కొక్కటే మార్చి చూశాడు. ప్రతిసారీ మిషను వైపు ఆశగా చూసేవాడు. మిషను ఉలకదు పలకదు.

"బొమ్మ ఉంది, మిషనూ ఉంది" అన్నాడు చివరికి, తల పట్టుకుని. "వాటి మధ్య మాటల్లేవు."

"మా పెద్దన్నయ్య, చిన్నన్నయ్య ఇళ్ళలాగా" అందామె, అతన్ని నవ్విద్దామని. అతను నవ్వలేదు.

పక్క పేట టార్నీట్‌లో ఇలాంటి మిషనే ఉన్న సీతాదేవికి ఫోన్ చేస్తే, ఆవిడ దసరాకు గుంటూరులో ఉంది. చేత్తో కుట్టాలంటే ఆ చిలకకు నెల పడుతుంది. ఎడమ చెయ్యి కుట్టు విప్పేస్తే రెండు చేతులూ ఖాళీగానైనా ఉంటాయని, చాముండేశ్వరి తోక అంచున కొంచెం విప్పి చూసింది. దారం వచ్చింది. పట్టు మీద సూది కన్నాలు జల్లెడలా మిగిలాయి. ఇంక దాని జోలికి పోలేదు.

శనివారం పొద్దున సింధుజ వచ్చింది. చేతులకు గోరింటాకు, ముఖం నిండా వెలుగు.

"ఆంటీ, రెడీనా? నాకైతే నిద్ర పట్టలేదు, సో ఎక్సైటెడ్!"

చాముండేశ్వరి రాత్రంతా కూర్చుకున్న మాటలు పక్కన పెట్టేసింది. ఫ్రేమును వెలుతురులోకి తిప్పింది.

"ఓ మై గాడ్, ఎంత బాగుందాంటీ! నిజం చిలకే. ఇంకోటేది?"

"ఇంకోటి రాదమ్మా. కంప్యూటరు పాడైంది. నేనే పాడుచేశాను."

"కాదు సింధూ" అన్నాడు బాలమురళి. "ఆవిడకి చెప్పకుండా అప్‌గ్రేడ్ పెట్టింది నేను. నాది తప్పు."

"ఆపింది నేను కదా బాబూ."

"ఎవరి తప్పైతే ఏంటన్నా?" అంది సింధుజ. "పెళ్ళి రేపు."

ఆ పిల్లే ముందు తేరుకుంది.

"ఇట్స్ ఫైన్ ఆంటీ. నిజంగా. చూడండి, పల్లూ లెఫ్ట్‌కే కదా వచ్చేది? ఓపెన్‌గా చెయ్యి మీదకి వదిలేస్తా, చిలక కనిపించదు. రైట్ ప్లెయిన్, లెఫ్ట్ ప్లెయిన్. ఎవరికీ తెలీదు!"

చాముండేశ్వరి కూడా ఆ ఆలోచన చేసింది. ఔనమ్మా అంటే చాలు, ఈ గండం ఇక్కడితో గడిచిపోతుంది. తీరా పిల్ల ముఖం చూస్తే ఆ మాట రాలేదు.

"తలంబ్రాలు పోసేటప్పుడు రెండు చేతులూ ఎత్తాలమ్మా. పైట నిలవదు."

సింధుజ తన రెండు చేతులూ కొంచెం పైకెత్తి చూసుకుంది. దించేసింది. గ్యారేజీ మెట్టు మీద కూర్చుండిపోయింది.

"మరి నేనేం చెయ్యాలి ఆంటీ?"

చాముండేశ్వరి రెడీమేడ్‌ది ఏదైనా దొరుకుతుందేమోనంది. ఈ రంగు దొరకదంది పిల్ల. కాసేపటికి లేచి వచ్చి, గోరింటాకు వేలితో చిలక రొమ్మును మెల్లగా నిమిరింది.

"ఇది మాత్రం చాలా అందంగా ఉందాంటీ. ఇలాగే కుట్టేయండి. ఒక చేతికే."

"నవ్వుతారేమోనమ్మా."

"నవ్వుకోనీండి" అంది. కళ్ళు మాత్రం నిండిపోయి ఉన్నాయి.

ఈ మూడు రోజులూ చాముండేశ్వరి ఆ గుడ్డను ఫ్రేములోంచి తీయలేదు. ముందు ఎంబ్రాయిడరీ, ఆ తరవాతే కత్తిరింపు. ఒకసారి కత్తిరిస్తే ముక్కను ఏ ఫ్రేమూ పట్టదు, ఏ మిషనూ దాని మీద చిలకను దించలేదు. ఇప్పుడు ఫ్రేము మరలు ఒక్కొక్కటే వదులు చేసి, గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దతో గీతలు గీసింది.

"అత్తయ్యా, ఒక్క గంట ఆగండి" అన్నాడు బాలమురళి వెనకనుంచి. "ఇంకొకటుంది, ట్రై చేస్తాను. ఈసారి రావచ్చు."

ఆమె తల తిప్పి చూసింది. గడ్డం పెరిగి, కళ్ళు ఎర్రబడి, రెండు రోజులుగా కంప్యూటరుకు కాపలా కాసినట్టున్నాడు. వస్తుందని అతను కూడా నమ్మడం లేదు.

"వద్దు బాబూ. పిల్లని సాయంత్రం పెళ్ళికూతుర్ని చేస్తారు. టైమ్ లేదు."

కత్తెర తీసుకుని, ఖాళీగా ఉన్న కుడి చెయ్యి వైపు నుంచి కత్తిరించడం మొదలుపెట్టింది.