పేరొద్దన్న మాటకు గోత్రం

1998 వేసవిలో అమ్మవారి జయంతికి మా కులసంఘం అచ్చువేసే సావనీరు పని నా మెడకు చుట్టుకునేనాటికి నా చేతిలో ఉన్నవి ముప్పై ఎనిమిది మాటలు, ఒక్కోటి ఒకటి రెండు వాక్యాలు. సౌకార్‌పేటలో పప్పుల హోల్‌సేల్ కొట్టు మాది. లెక్కలకని కొన్న కంప్యూటర్‌కు కొట్టు టెలిఫోను తగిలించి, ఇంటర్నెట్‌లో తెలుగువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో రాసుకునే ఒక గుంపులో వాటిని ఏరాను. ఫోను ఎప్పుడు చేసినా ఎంగేజేనని సరుకు కొనే పార్టీలు తిడుతున్నా ఏరాను. అత్తాకోడళ్ళ మీద, అంగడి మీద, ఆకలి మీద రాసినవి. రాసినవాళ్ళలో ఒక్కరూ నాకు తెలియరు. సగం మందివి మారుపేర్లు.

వాటిలో ఒక్కటి తక్కిన ముప్పై ఏడింటి ఎత్తు తూగుతుంది:

"మా ఇంట్లో బియ్యం డబ్బాకు తాళం లేదు. నేను వడ్డించుకునేటప్పుడు అందరి చూపులే తాళాలు."

రాసినామె మారుపేరు ఉప్పుగల్లు అనుకోండి, ఉండేది తొండియార్‌పేట అనుకోండి. రెండూ ఇక్కడ నేను మార్చినవే. మాటను మాత్రం మార్చలేదు. మార్చడానికి ఆమె ఒప్పుకోలేదు.

మీ మాట సావనీరులో వేసుకుంటాం, పేరు ఎలా వేయమంటారని అందరికీ ఈమెయిలు పంపాను. ఇరవై ఆరుగురు సరేనన్నారు. జవాబు రాని పన్నెండూ పక్కన పెట్టేశాను. అడక్కుండా తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు. ఉప్పుగల్లు మర్నాడే రాసింది: "వేయండి. మారుపేరే వేయండి. మాదీ మీ సంఘంలోని ఇల్లే. నేనని తెలిస్తే నన్ను ఆడిటర్ ఆఫీసు పనికి పోనివ్వరు. నేను రాసుకునే కంప్యూటర్ అక్కడిదే."

ఆమె మాట వేసే పేజీ తీసుకెళ్ళి మా సంఘం అధ్యక్షుడు చక్రవర్తి గారికి చూపించాను. పెదవి విరిచారు.

"ఏం సుందరం, ఊరూపేరూ లేని సరుకు నీ కొట్లో దించుకుంటావా?"

"ఇది సరుకు కాదన్నా. ఆయమ్మ పేరొద్దంటా ఉండాది."

"పేరొద్దంటే వద్దులే. గోత్రమన్నా వెయ్యి. జయంతి రోజు అయ్యవారు ఈ పుస్తకం చూసే కదయ్యా అర్చన చేసేది? గోత్రం లేకుంటే ఆ అర్చన అమ్మవారికి ఎట్ల చేరేది? మనోళ్ళకంతా గోత్రం, పేట. రూలంటే రూల్."

గోత్రం పేరు కాదు కదా అనుకున్నాను. అడిగితే గోత్రం, పేట రెండూ ఆమె ఇచ్చింది. అర్చనకని అడిగాను. అర్చన జాబితా, అచ్చు పేజీ మాకు ఒకటేనని విడమరిచి చెప్పలేదు. అక్కడ తప్పు చక్రవర్తి గారిది కాదు, నాదే.

ఐదు వందల ప్రతులు అచ్చయ్యాయి. మాట కింద 'ఉప్పుగల్లు' అని, పక్కన గోత్రం, ఆ పక్కన తొండియార్‌పేట. ఆ గోత్రం ఏదో మళ్ళీ రాయను. అరుదైనది. పెళ్ళి సంబంధాలు చూసీ చూసీ మావాళ్ళకు ఏ పేటలో ఏ గోత్రం ఇళ్ళు ఎన్నున్నాయో నోటికి వచ్చు. తొండియార్‌పేటలో ఆ గోత్రం ఇల్లు ఒకటే. ఆ ఇంట్లో కోడలూ ఒకతే. కందిపప్పు చేతిలోకి తీసుకుని ఏ జిల్లా పంటో చెప్పేవాణ్ణి, ఇంత చిన్న లెక్క వేసుకోలేకపోయాను.

రాసిందెవరో జయంతి పందిట్లోనే పట్టేశారు.

"ఎవురి కోడలో తెలిసిందా అక్కా?"

"తెలీకేం? ఇంక వాళ్ళింట్లో భోంచేసేటప్పుడు కండ్లు మూసుకోవాల!"

నవ్వులు. ప్రసాదం దొన్నె అక్కడే పెట్టేసి బయటికి వచ్చేశాను.

తెల్లచీటీలు కోసుకుని, ఆ గోత్రం మీద అతికించడానికి మర్నాటి నుంచి రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. మూడు వందల పన్నెండు అతికించాను. అదీ తెలివితక్కువ పనే. అంతవరకు సావనీరు తెరవనివాళ్ళు కూడా చీటీని గోటితో గీకి చదివారు. చక్రవర్తి గారేమో, "నీకెందుకయ్యా ఈ తలనొప్పి? ఆయమ్మ పేరు మనం వెయ్యలేదే!" అని చేతులు దులుపుకున్నారు.

నాలుగో రోజు ఆమే కొట్టుకు వచ్చింది. ముప్పై లోపు మనిషి. స్టూలు వేయిస్తే కూర్చోలేదు.

"ఆఫీసు మాన్పించేసినారన్నా. మా అత్త డబ్బాకు నిజంగానే తాళం కొనుక్కొచ్చింది. 'రాసినావు కదా, ఉండనీ' అనింది."

ముందే ఆలోచించి పెట్టుకున్న దారి చెప్పాను. "అమ్మా, ఆ మాట నేనే కల్పించి రాసినానని సంఘం సర్క్యులర్‌లో వేస్తా. గోత్రం పొరబాటున పడిందంటా. నీ మీద నింద పోతుంది. మళ్ళీ ఆఫీసుకు పోవచ్చు."



"అంటే, ఆ మాట కూడా మీరే తీసుకుంటారా?"

"నీ మంచికే తల్లీ."

"మా ఇంట్లోనూ అన్నీ నా మంచికే తీసుకున్నారన్నా. నేనే రాసినానని ఆడ ఒప్పుకునేసినా. ఊళ్ళో ఎవురన్నా అడిగితే మీకు తెలీదనండి. మీదని మాత్రం అనొద్దు. ఒక్క అక్షరం మార్చొద్దు."

ఇంకేదో చెప్పబోయాను. వినకుండా మెట్లు దిగి, బస్తాల బండ్ల మధ్య నడిచి వెళ్ళిపోయింది.

జరిగింది గుంపులో దాచకుండా రాశాను. నలుగురు తమ మాటలు తీసేయమన్నారు. అచ్చయిపోయినవి ఎలా తీసేది? మరి పదిమంది నా ఈమెయిలుకు జవాబే ఇవ్వడం మానేశారు. ఉప్పుగల్లు పేరుతో ఆ గుంపులో మళ్ళీ ఒక్క అక్షరం రాలేదు. ఏడాదంతా చూశాను.

ఇంత తిరుగుడికీ నాకు మిగిలింది ఒక మంచి మాట. నాదని చెప్పుకోలేను, ఎవరిదో చెప్పకూడదు.