జాలీ కిటికీ గది

నిన్న అమ్మ కచేరీ మెట్లు కడుగుతుంటే నేను నీళ్లు పోశాను. మా ఊరి నల్లరాతి సర్కారు కచేరీకి నూరేళ్లు పూర్తయ్యాయని ఈరోజు సభ. అందులో కచేరీ చరిత్ర చదవడానికి మణెమ్మ టీచర్ నన్నే ఎంపిక చేసింది! క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని నన్ను! వనపర్తి బడి నుంచి బస్సులో ఊరికి వస్తున్నంతసేపూ ఏం రాయాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను.

అమ్మ ఇక్కడ స్వీపరు. ఎండలో తాగమని చెంబందిస్తే వద్దంది. ఆడవాళ్లకు ఇక్కడ పాయిఖానా లేదు. బస్టాండు దాకా నడవాలి, నడిస్తే "ఏడ తిరుగుతున్నవ్ బాలమణీ?" అని ఆఫీసువాళ్లు అమ్మను గద్దిస్తారు. నీళ్లు తాగకపోవడం వల్లే అమ్మకు మూత్రంలో ఈ మంట, ఈ జ్వరం అని పోయిన నెల దవాఖానలో డాక్టరమ్మ తిట్టింది. ఇంటికొచ్చి చెబితే నాయిన, "ఆపుకునుడు ఆడోళ్లకు కొత్తనా ఏంది?" అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. నాకు అమ్మ నవ్వు మీదే ఎక్కువ కోపం వచ్చింది.

నిన్న మెట్లు కడగడం అయ్యేలోపే ఆఫీసు సూపరింటెండెంట్ సీతారాములు సార్ వచ్చాడు. "చరిత్ర రాస్తున్నవంట గద బిడ్డా! దా, ఎవ్వలకు తెల్వని ముచ్చట చెప్త."

వెనకవైపు తాళం వేసిన గది. జాలీ కిటికీలోంచి చూస్తే విరిగిన కుర్చీలు.

"ఎనుకట దొరసానులు గీ జాలీ ఎనుక కూసొని అర్జీ చెప్పుకునేటోళ్లు. మొగోళ్ల కంట పడొద్దని లోపల్నే పాయిఖానా గూడ కట్టిండ్రు. ఎంత మర్యాదనో సూడు! రాసుకో."

అమ్మ చీపురుతో నా వెనకే నిలబడి ఉంది. "పెండ్లైనప్పటి సంది ఊడుస్తున్న సార్. గది ఉట్టి కుర్చీలకే అనుకున్న."

"దొరసానులకు బాలమణీ, నీకు గాదు."

ఈసారి అమ్మ నవ్వలేదు.

నూరేళ్ల కిందటే ఈ గోడలు కట్టించినవాళ్లకు ఆడమనిషికీ ఒంటి అవసరాలుంటాయని తెలుసు! కానీ దొరసానికి తెరిచిన తలుపు, ఈ రాళ్లు మోసిన ఆడవాళ్లకు అప్పుడూ తెరిచి ఉండరు. దొరసానులు పోయాక ఆ చోటు కుర్చీలకిచ్చారు గానీ అమ్మకివ్వలేదు.

ఈరోజు సభలో స్తంభాల గురించి, సున్నం గురించి, పైకప్పు టేకు దూలాల గురించి గడగడా చదివాను. చప్పట్లు! తర్వాత కాగితంలో ఆ గది ముచ్చట దగ్గరికొచ్చి ఆగిపోయాను. "సదువు బిడ్డా, దొరసానుల ముచ్చట సదువు," అని సార్ ముందు వరుసలోంచి అందించాడు.

"గా గది తాళం తీయుండ్రి సార్. కుర్చీలు అవతల పెట్టుండ్రి. మా అమ్మను లోపలికి పోనియ్యుండ్రి. మిగిలిన చరిత్ర గప్పుడు సదువుత," అన్నాను.